పెరట్లో ఈత కొలను: వాన నీళ్లు వేరు, మీరు నింపే నీళ్లు వేరు

ప్రశ్న: మాది పర్లాకిమిడి, మునిసిపాలిటీ హద్దులోనే, ఊరి చివర. ఇంటి వెనుక ఏడు డిసిమిళ్ల (సెంట్ల) పెరడు ఉంది. పిల్లల కోసం మేమే 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు గొయ్యి తవ్వి, షీటు పరిచి ఈత కొలను చేసుకుందామని, చుట్టూ రాళ్లు పేర్చి మొక్కలు వేద్దామని అనుకుంటున్నాం. పల్లం వైపు పొరుగాయన ప్రహరీ గొయ్యి అంచుకు మూడడుగుల్లో ఉంటుంది. ఆ గోడ కట్టి తొమ్మిదేళ్లయింది. తవ్వితే కోర్టు నుంచి స్టే తెస్తానంటున్నారు. వానాకాలంలో మా పెరటి నీళ్లు ఎప్పుడూ ఆయన స్థలంలోంచే పోతాయి. అలాంటప్పుడు కొలను నీళ్లకు మాత్రం అభ్యంతరం ఏమిటి? మా పట్టాలో వెనుక భాగం కిసం (భూమి రకం) 'శారద' అని ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీరు చివర్లో చెప్పిన 'శారద' మాటతోనే మొదలుపెట్టాలి. శారద అంటే రికార్డులో వరి పండే భూమి. ఇల్లున్న భాగం ఘరబారి (ఇంటి స్థలం) అయినంత మాత్రాన వెనుక ముక్క కూడా ఘరబారి అయిపోదు. వ్యవసాయ భూమిని వేరే పనికి వాడాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960లోని 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు చేసి కిసం మార్పించుకోవాలి. మార్పించకుండా తవ్వితే పొరుగాయన స్టే దాకా వెళ్లక్కర్లేదు, తహసీల్ ఆఫీసులో ఒక ఫిర్యాదు ఇస్తే చాలు. భూలేఖ్‌లో (ఒడిశా భూ రికార్డుల వెబ్‌సైటు) మీ ఖాతా, ప్లాటు నంబర్లు చూసి ఏ ముక్క ఏ కిసంలో ఉందో ముందు తేల్చుకోండి. అదే దరఖాస్తుతో పాటు హద్దు కొలత కూడా అడగండి. అమీన్ (సర్వేయరు) వచ్చి కొలిచి రాళ్లు పాతాక మిగతా మాటలన్నీ సులువవుతాయి, ఎందుకంటే హద్దు ఎక్కడో తేలితేనే గోడ ఎవరి నేలలో ఉందో, గొయ్యి ఎంత దూరంలో పడుతుందో తెలుస్తుంది. పట్టాలో అన్నదమ్ముల పేర్లు కూడా ఉంటే వాళ్ల సంతకం తీసుకున్నాకే గునపం పట్టండి.

అనుమతి సంగతి. బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలాంటి చోట్ల 1982 నాటి ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీస్ చట్టం వర్తిస్తుంది. అందులో 'డెవలప్‌మెంట్' అంటే కట్టడం ఒక్కటే కాదు, భూమి లోపల చేసే ఇంజినీరింగ్ పని కూడా. మీది మునిసిపాలిటీ కనుక స్థలం నక్షా, కొలతలు, నీళ్లు ఎటు పోతాయో చూపే గీత జతచేసి అక్కడ అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. నేలపైన నిలబెట్టి మళ్లీ విప్పేసే స్టీలు ఫ్రేము కొలనుకూ, తవ్వి కట్టిన కొలనుకూ తేడా ఉంది. నా సలహా మొదటిదే. కారణం ఖర్చు కాదు, ఆ ప్రహరీ.

పక్క పక్క భూముల యజమానుల హక్కులు చెప్పే ఈజ్‌మెంట్స్ చట్టం 1882లో వచ్చినప్పుడే మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది. మీ ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చేదాకా ఆ ప్రెసిడెన్సీలోదే. ఆ చట్టం 7వ సెక్షన్ ప్రకారం పక్క నేల ఆసరా ప్రతి భూయజమానికీ సహజ హక్కు. మీ మట్టి ఆయన మట్టిని ఆనుకుని నిలబెడుతోంది. దాన్ని తీసేసి ఆయన నేల జారేలా చేసే హక్కు మీకు లేదు. అయితే ఈ సహజ హక్కు ఖాళీ నేలకే. గోడ బరువు మోస్తున్న నేలకు ఆ ఆసరా హక్కుగా మారాలంటే 15వ సెక్షన్ కింద 20 ఏళ్లు అడ్డు లేకుండా సాగాలి. ఆయన గోడకు తొమ్మిదేళ్లే అయింది కాబట్టి మీరు గెలిచినట్టేనని అనుకోవద్దు. గోడ లేకపోయినా ఆ మట్టి జారేదేనని తేలితే బాధ్యత మీదే. అజాగ్రత్తగా తవ్వారన్న ఆరోపణతో వేసే నష్టపరిహారం దావా దీనికి వేరే.

లెక్క వేసి చూడండి. నాలుగడుగుల నీళ్లు నిలవాలంటే అడుగున ఇసుక పరుపుతో కలిపి నాలుగున్నర అడుగులు తవ్వాలి. ప్రహరీ పునాది రెండడుగుల లోతు అనుకుందాం. అంటే మీ గొయ్యి ఆ పునాది కంటే రెండున్నర అడుగులు కిందికి పోతుంది. పునాది అడుగు నుంచి ఏటవాలుగా 45 డిగ్రీల గీత గీస్తే గొయ్యి కనీసం రెండున్నర అడుగుల దూరంలో ఉండాలి. గోడ మూడడుగుల్లో ఉంది, పునాది గోడకంటే అర అడుగు బయటికి ఉండడం మామూలే, అంటే మిగిలేది సరిగ్గా రెండున్నర. గట్టి ఎర్రమట్టి పొడిగా ఉన్నప్పుడే అది సరిపోతుంది. ఒక్క పెద్ద వాన పడి మట్టి నానితే ఆ కోణం నిలవదు, గొయ్యి అంచు చీలి పెచ్చులు పెచ్చులుగా లోపలికి పడుతుంది. తవ్వక తప్పదంటే పునాది నుంచి ఆరడుగులకు తగ్గకుండా జరపండి, ఎండాకాలంలోనే ముగించండి. తవ్వే ముందు ఆ గోడను రెండు పక్కలా ఫోటోలు తీయించండి, పాత పగుళ్ల మీద కొలబద్ద పెట్టి మరీ తీయించండి. రేపు ఆ పగులు మీ వల్లే వచ్చిందంటే చూపించడానికి వేరే సాక్ష్యం ఉండదు. ఇంకొకటి, భూమిలోని కొలనును వానల్లో ఖాళీగా వదిలేస్తే కింది ఊటనీరు షీటునూ అడుగునూ పైకి తన్నుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. వాన నీళ్లు ఆయన స్థలంలోంచి పోతున్నప్పుడు కొలను నీళ్లు ఎందుకు పోకూడదు? మెరక భూమి మీద పడి, కాలువ కట్టకుండా తనంతట తాను పారే నీటిని పల్లం యజమాని పారనివ్వాలి, అది కూడా అదే 7వ సెక్షన్‌లో ఉంది. కానీ అది సహజంగా పుట్టిన లేదా కురిసిన నీటికే. బోరు నుంచి తోడి, బ్లీచింగ్ కలిపి నిల్వచేసి, పైపుతో వదిలే నీళ్లకు అది వర్తించదు.

కట్ట తెగితే ఎవరిది బాధ్యత అన్నదానికి తెలుగునేల మీద పుట్టిన తీర్పే ఉంది. కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానకు తెగి మద్రాసు రైల్వే వారి వంతెనలు కొట్టుకుపోయాయి. 1874లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండనులోని చివరి అప్పీలు కోర్టు) జమీందారు బాధ్యుడు కాడంది. ఆ చెరువులు తరతరాలుగా ప్రజల సాగుకోసం ఉన్నవి, వాటిని కాపాడటం ఆయన విధి, అజాగ్రత్త రుజువు కాలేదు. అంతకు ముందు 1868లో ఇంగ్లండులో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ కేసులో, సొంత అవసరానికి నీళ్లు నిల్వచేసుకున్నవాడు అవి తప్పించుకుపోతే జరిగిన నష్టం భరించాల్సిందే, తన తప్పు లేకపోయినా సరే అన్నారు. మీ కొలను ఊరి చెరువు కాదు. అది రెండో కోవలోకే వస్తుంది.

ఎంత నీరో చూడండి. మీరు రాసిన గొయ్యిలో నిండుగా సుమారు 22,600 లీటర్లు. 15 అడుగుల వ్యాసం, 4 అడుగుల ఎత్తు ఫ్రేము కొలనును పైన కొంచెం ఖాళీ వదిలి నింపితే సుమారు 18,000 లీటర్లు, అంటే 18 టన్నులు. నేల ఒక పక్క రెండంగుళాలు వాలినా ఆ బరువంతా పల్లం వైపు కాళ్ల మీద పడి ఫ్రేము వంగుతుంది, చివరికి తెగుతుంది. మీ పల్లం అంటే పొరుగాయన ఇల్లే. అందుకే వాటర్ ట్యూబుతో మట్టం చూసి, ఎత్తుగా ఉన్న వైపు చెక్కండి, పల్లం వైపు మట్టి పోసి లేపవద్దు. పోసిన మట్టి నీటి బరువుకు కుంగుతుంది. కాళ్ల కింద సిమెంటు బిళ్లలు నేలతో సమంగా పాతండి. తుంగ గడ్డలు ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయండి. తుంగ మొలక సూదిలా షీటును పొడుచుకుని పైకి వస్తుంది, ఆ రంధ్రం నీళ్లు నిండాకగానీ కనపడదు. దాని మీద రెండంగుళాల జల్లించిన ఇసుక, ఆపైన మందపాటి టార్పాలిన్, ఆపైన కొలను.

ఫిల్టరు కడిగిన నీళ్లు ఆయన వైపు వదలకండి. గంటకు 4,000 లీటర్లు తోడే పంపుతో మూడు నిమిషాలు కడిగితే 200 లీటర్లు వస్తాయి. హద్దుకు దూరంగా మూడడుగుల పొడవు, వెడల్పు, లోతులతో ఇంకుడు గుంత తవ్వి ఇటుక ముక్కలు నింపితే ఖాళీల్లో 300 లీటర్ల దాకా పడుతుంది, ఒక కడుగుకు అది చాలు. బావీ బోరూ ఉన్న వైపు తవ్వకండి. సీజను చివర కొలను ఖాళీ చేసేటప్పుడు బ్లీచింగ్ వేయడం మానేసి, మూత తీసి నాలుగైదు రోజులు ఎండకు వదిలి, ఆ తర్వాత కొబ్బరి చెట్లకు రోజుకు కొంచెం కొంచెంగా పెట్టండి. రోజువారీ మోతాదు కూడా చెబుతాను, అతిగా వేయడం వల్లే పక్కవాళ్ల మొక్కలు మాడి గొడవలు మొదలవుతాయి: 18,000 లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ రావాలంటే 33 శాతం బ్లీచింగ్ పౌడరు సుమారు 110 గ్రాములు. బకెట్లో కలిపి, తేరిన నీళ్లే పోయండి. యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

పిల్లల విషయంలో నేను మెత్తగా చెప్పలేను. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్ల దాకా శిక్ష, జరిమానా. మీ పెరటి వెనుక సందు ఉంటే, దారిని ఆనుకున్న గొయ్యికీ చెరువుకూ కంచె వేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు నాగరిక్ సురక్షా సంహిత 152 కింద ఆదేశించవచ్చు. ఆదేశం వచ్చేదాకా ఆగకండి. నాలుగడుగులకు తగ్గని కంచె, సందులు నాలుగంగుళాలకు మించకుండా, తనంతట మూసుకునే గేటు, గడియ పిల్లలకు అందనంత ఎత్తులో. ఈత అయిపోగానే నిచ్చెన తీసి ఇంట్లో పెట్టండి. పంపుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. ఎర్తింగ్ ఉన్న సొంత లైను, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి), దీపాలు కావాలంటే 12 వోల్టులవే.

మొక్కల్లో పచ్చగన్నేరూ ఎర్రగన్నేరూ వద్దు. ఇళ్ల ముందు ఎంత మామూలైనా పచ్చగన్నేరు గింజ ప్రాణం తీస్తుంది. స్కాట్లండులోని గ్లాస్గో పార్కులో ఏడేళ్ల పిల్లవాడు చెర్రీ పళ్లలా ఉన్న విషపు పళ్లు తిని చనిపోతే, ఆకర్షించే ప్రమాదాన్ని పిల్లలకు అందేలా పెట్టినందుకు కార్పొరేషన్ మీద దావా చెల్లుతుందని తీర్పొచ్చింది. 1878లో ఇంగ్లండులో హద్దు దాటి వంగిన విషపు చెట్టు ఆకు మేసి గుర్రం చస్తే చెట్టున్న స్థలం వాళ్లే పరిహారం కట్టాల్సి వచ్చింది. మీ వీధిలో ఆ గుర్రం స్థానంలో ఆవు ఉంటుంది. రావి, మర్రి, వెదురు కూడా దూరం పెట్టండి, వేర్లు షీటును విడిచిపెట్టవు. కొలను చుట్టూ మూడడుగులు కంకర, కంచె బయట మందారం, నిమ్మగడ్డి చాలు. పొరుగాయన తన వైపు వచ్చిన మీ కొమ్మలను హద్దు దాకా కొట్టుకోవచ్చు, దానికి పోట్లాడకండి.

ఇక స్టే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద ఆయన తాత్కాలిక ఇంజంక్షన్ (పని ఆపే ఉత్తర్వు) అడగగలరు. ప్రహరీకి మూడడుగుల్లో తవ్వుతున్నారంటే దొరికే అవకాశం బాగానే ఉంది. ఆరడుగుల అవతల ఫ్రేము కొలను అయితే ఆయన వాదనలో బలం తగ్గుతుంది. అయినా మీరు 148-ఎ సెక్షన్ కింద కేవియట్ వేసుకోండి, మీ మాట వినకుండా ఉత్తర్వు రాదు. దాని నకలు ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో (2025 సెప్టెంబరు నుంచి అది స్పీడ్ పోస్టులో కలిసింది) పంపాలి. కేవియట్ 90 రోజులే పనిచేస్తుంది, పని అంతకంటే సాగితే మళ్లీ వేయాలి. పోస్టులో ఆ కాగితం చూసి ఆయన ఉలిక్కిపడకముందే నక్షా, గోడ ఫోటోలు, ఇంకుడు గుంత చోటు చూపించి, ఇద్దరూ సంతకం చేసిన ఒక పేజీ ఒప్పందం రాసుకోగలిగితే కేవియట్ అవసరం కూడా రాకపోవచ్చు. ఆ పేజీలో హద్దు నుంచి కొలను దూరం అడుగులలో, నీళ్లు వదిలే చోటు, గోడకున్న పాత పగుళ్ల సంఖ్య తప్పకుండా ఉండాలి.