బ్యాటరీ పని, మెలిపెట్టే కడుపునొప్పి: ముందు రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి

అన్నా, ఒంగోల్లో పాత బ్యాటరీలు పగలగొట్టే మీ తమ్ముడికి రెండు నెలలుగా కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, హిమోగ్లోబిన్ 9, స్కానింగ్‌లో ఏమీ లేదు అని రాశారు. ఇక గ్యాస్ మాత్రలతో నెట్టుకురావద్దు. ఇది ఆ బ్యాటరీల్లోని సీసం ఒంట్లో చేరడంవల్ల అయ్యుండొచ్చు. చిగుళ్ల అంచున నీలిగీత చూడండి, అది లేనంత మాత్రాన సీసం లేదని కాదు. మణికట్టు పైకి లేవకుండా వేలాడుతుంటే నరాలకూ తగిలినట్టే.

నరంలోంచి తీసిన రక్తంతో 'బ్లడ్ లెడ్ లెవెల్' (రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష) చేయించండి. వేలు గుచ్చి తీస్తే చర్మంమీది దుమ్ము కలిసి అంకె పెరగొచ్చు. వెంట్రుకల పరీక్ష డబ్బు దండగ.

ముందు పని ఆపించండి. పని మానకుండా మందు మింగితే ఓడ చిల్లు పూడ్చకుండా నీళ్లు తోడినట్టే. పెద్దవాళ్లకు అంకె, లక్షణాలు రెండూ చూసి డాక్టరు సీసాన్ని ఒంట్లోంచి బయటికి పంపే సక్సిమర్ మాత్రలు రాస్తారు. అంకె దిగినా ఎముకల్లో దాగిన సీసం మళ్లీ రక్తంలోకి వస్తుంది, అందుకే కోర్సయ్యాక 2–4 వారాలకు మళ్లీ పరీక్ష. అదే పనికి ఇంజెక్షనైతే మందు బుడ్డిమీద 'కాల్షియం డైసోడియం ఈడీటీఏ' అని ఉండాలి. కాల్షియం లేని రకం ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

ఇంట్లో పిల్లలకూ పరీక్ష చేయించండి. డెసిలీటరు (100 మి.లీ.) రక్తానికి 5 మైక్రోగ్రాముల సీసం ఉంటే అది ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాలి, 45 ఉంటే మందు కావాలి. పని బట్టలు విడిగా ఉతకండి, చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవండి. మూర్ఛ, మగత, తికమక మాటలు కనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.