అమెరికా భార్యాభర్తల వీసాలో ఐ-864, జాయింట్ స్పాన్సర్, ముంబై ఇంటర్వ్యూ: నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ వారు అమెరికా సిటిజన్. కిందటేడాది పన్ను రిటర్నులో ఆయన ఆదాయం తక్కువగా ఉంది, ఈ జనవరిలోనే పూర్తికాలపు ఉద్యోగంలో చేరారు. జాయింట్ స్పాన్సర్, అంటే ఆయనతో పాటు మీ పోషణకు హామీ సంతకం చేసే మరొకరు, అవసరం కావచ్చని ఇంటర్వ్యూకు ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్ నుంచి సందేశం వచ్చింది. మీ అత్తగారి వైపు వాళ్లు మీ నాన్నగారి పొలానికి విలువ కట్టించి సీఏ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. ఇంటర్వ్యూ తలచుకుంటే మీకు భయంగా ఉంది. 2024లో నేనూ ఇదే దారిలో నడిచాను కాబట్టి నాకు ఎదురైనవి రాస్తున్నాను.

ముందు పొలం సంగతి. మన ఇళ్లలో వీసా డబ్బు అనగానే పిల్లల్ని ఎంఎస్‌కు పంపినప్పటి పద్ధతే గుర్తొస్తుంది. బ్యాంకు బ్యాలెన్సు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పొలానికీ ఇంటికీ సీఏ ఇచ్చిన విలువ అన్నీ కలిపి ఒక ఫైలు చేస్తాం. మా నాన్నగారు కూడా పట్టాదారు పాసుపుస్తకం నకళ్లు తీయించి, ఈసీ కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ రెండు రోజులు తిరిగారు. ఆ కాగితాలు మా ఫైలు దాటి బయటకు రానే లేదు, ఎందుకంటే భార్య కోసం భర్త నింపే ఐ-864 అనే పోషణ హామీ పత్రం అసలు ఆ జాతిదే కాదు. 1996 నాటి చట్టం ప్రకారం అది సంతకం చేసినవారికి, అమెరికా ప్రభుత్వానికి మధ్య కుదిరే ఒప్పందం. అందులో మొదట చూసేది సంతకం చేసేవారి సంపాదన. అది చాలనప్పుడే ఆస్తులు లెక్కలోకి వస్తాయి, అవి కూడా స్పాన్సర్‌వో, ఆయన ఇంట్లో ఉండేవారివో, వలస వెళ్తున్న మీవో అయి ఉండాలి. మీ నాన్నగారి పేరున ఉన్న పొలం ఈ మూడింటిలో దేనికిందకూ రాదు. మీ పేరునే ఉన్నా, ఏడాదిలోపు దాన్ని అమ్మి ఆ డబ్బు అమెరికాకు తీసుకువెళ్లగలరని రుజువు చూపించాలి. కాబట్టి మీ నాన్నగారిని దయచేసి ఆ తిరుగుడు తిప్పకండి.

ఇక ఆదాయం ఎంత ఉండాలన్నది ప్రతి ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణాలను బట్టి ఉంటుంది. మామూలు స్పాన్సర్‌కు ఆ ప్రమాణంలో 125 శాతం ఉండాలి. మేము కాగితాలు పెట్టిన 2024లో ఇద్దరున్న కుటుంబానికి అది 25,550 డాలర్లు. మా వారు టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ లీజుకు తీసుకుని నడుపుతున్నారు. గల్లాపెట్టెలో ఏడాదికి లక్షల డాలర్లు తిరుగుతాయి కనుక ఆదాయానికి లోటుంటుందని మాకు ఎవరికీ తోచలేదు. కానీ సొంత వ్యాపారం చేసేవారికి అమ్మకం లెక్క కాదు, ఖర్చులన్నీ పోగా పన్ను రిటర్నులో మిగిలిన మొత్తమే లెక్క. ఆయన రిటర్నులో అది 19,800. అంటే 5,750 లోటు. దాన్ని ఆస్తులతో పూడ్చాలంటే సిటిజన్ భార్యనైనందుకు మూడు రెట్లు, అంటే 17,250 డాలర్ల ఆస్తి చూపాలి. అప్పటికి ఆయన దగ్గర అంత లేదు.

మీ పరిస్థితి మాకంటే మెరుగ్గా ఉందనే అనుకుంటున్నాను. ఐ-864 అడిగేది స్పాన్సర్ ప్రస్తుత వార్షిక ఆదాయాన్ని. పాత రిటర్ను దానికి ఒక సాక్ష్యం మాత్రమే. మీ వారి ఇప్పటి జీతం సరిపోతే కంపెనీ నుంచి ఉద్యోగం, జీతం తెలిపే ఉత్తరం, జనవరి నుంచి వచ్చిన పే స్టబ్‌లన్నీ జతచేయించండి. అయితే చివరి నిర్ణయం కాన్సులేట్ అధికారిది. ఉద్యోగం మరీ కొత్తదని ఆయన సందేహించవచ్చు కనుక జాయింట్ స్పాన్సర్ కాగితాలు కూడా సిద్ధంగా ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆ జాయింట్ స్పాన్సర్ ఎవరన్న దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. హెచ్-1బీ మీద ఉన్న స్నేహితుడికి ఎంత పెద్ద జీతమున్నా అతను పనికిరాడు. సిటిజనో గ్రీన్ కార్డు ఉన్నవారో అయి, పద్దెనిమిదేళ్లు నిండి, అమెరికాలోనే కాపురం ఉండాలి. ఆయన సంతకం పెట్టినంత మాత్రాన మీ వారి ఐ-864 అక్కర్లేకుండా పోదు, ఇద్దరివీ వేరువేరుగా వెళ్లాలి. మాకు మా వారి పెదనాన్నగారి అబ్బాయి సంతకం చేశారు. నలుగురున్న కుటుంబం, నాతో కలిపి ఐదుగురే కదా అని మొదట లెక్క వేశాం. ఆయన అంతకుముందు వాళ్ల అమ్మగారికి కూడా ఐ-864 ఇచ్చి ఉన్నారు, ఆ బాధ్యత ఇంకా తీరలేదు కాబట్టి ఆవిడనూ కలిపితే ఆరుగురయ్యారు. ఆరుగురికి ఆ ఏడాది కావలసింది 52,450 డాలర్లు. ఆయన ఆదాయం అంతకు మించే ఉంది గానీ, లెక్క తప్పు రాసి పంపి ఉంటే కాగితాలు వెనక్కి వచ్చేవి.

సంతకానికి ముందు రోజు ఆయన భార్య, అంటే మా తోడికోడలు, నాకు ఫోన్ చేసి, "దీనివల్ల రేపు మా ఇంటి మీదకు ఏమైనా వస్తుందా?" అని సూటిగా అడిగింది. ఊరికే ఫార్మాలిటీ అని చెప్పమని అంతకుముందే ఒకరు నాకు సలహా ఇచ్చారు. నేను అలా చెప్పలేకపోయాను. నేను సిటిజన్ అయ్యేవరకో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 క్వార్టర్లు నా లెక్కలో పడేవరకో, నేను గ్రీన్ కార్డు వదులుకుని ఆ దేశం విడిచి వచ్చేవరకో, లేదా ఇద్దరిలో ఒకరు చనిపోయేవరకో ఆ బాధ్యత ఉంటుందనీ, విడాకులైనా అది పోదనీ, నేను ఆదాయాన్ని బట్టి ఇచ్చే ప్రభుత్వ సాయం తీసుకుంటే ఆ సొమ్ము బావగారి దగ్గర అడిగే హక్కు ప్రభుత్వానికి ఉందనీ, ఇల్లు మారితే ముప్పై రోజుల్లో ఆయన తెలియజేయాలనీ చదివి వినిపించాను. ఆమె ఒక రోజు ఆలోచించుకుని సరేనంది. మీరు కూడా అడగబోయేవారికి ఇదంతా చెప్పి తీరాలి. మీ కోసం కూడా ఆ పత్రాన్ని ఆసాంతం చదవండి, అది మీ పోషణకు ఇచ్చిన మాట. భర్త నిలబెట్టుకోకపోతే కోర్టుకు వెళ్లే హక్కు మీకు ఉంది. పెళ్లి చేసుకుని వెళ్తున్న మన ఆడపిల్లల్లో చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదన్నదే నా బాధ.

ఇంటర్వ్యూ బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని కాన్సులేట్‌లో జరిగింది. మా వారు రాలేదు, రానక్కర్లేదు కూడా. అద్దం అవతల ఉన్న అధికారి చెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించాక, డబ్బు గురించి అడిగింది ఒక్క ప్రశ్నే: జాయింట్ స్పాన్సర్ మీకు ఏమవుతారు? మిగతావన్నీ కాపురం గురించే. మీ వారు షాపు ఎన్నింటికి కట్టేస్తారు అన్నారు. రాత్రి పదకొండుకు కట్టేసి కారెక్కగానే నాకు ఫోన్ చేస్తారనీ, అప్పుడు మాకు ఉదయం తొమ్మిదిన్నర అవుతుందనీ చెప్పాను. పెద్దలు కుదిర్చిన పెళ్లి కావడం గురించి ఆయన ఒక్క మాట అనలేదు. సంబంధం ఎవరు తెచ్చారు, నిశ్చితార్థానికి మీ వారు వచ్చారా, పెళ్లయ్యాక ఎన్నిసార్లు వచ్చి వెళ్లారు, ఈ ఫోటోలో మీ పక్కనున్నది ఎవరు అని అడిగారు.

తర్వాత కాగితాలు తిప్పుతూ ఒకచోట ఆగి, మీ వారు మీ కోసం పెట్టిన ఐ-130 పిటిషన్‌లో మీ పెళ్లి శనివారం నాటి తేదీ, సర్టిఫికెట్‌లో ఆదివారం నాటి తేదీ ఉన్నాయేమిటి అన్నారు. నాకు గొంతు తడారిపోయింది. మా ముహూర్తం శనివారం రాత్రి రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు, శుభలేఖలో 'తెల్లవారితే ఆదివారం' అని కూడా వేయించాం. మాకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి ఇంట్లో అందరం శనివారం పెళ్లి అనే చెప్పుకుంటామనీ, మా వారు ఆ అలవాటుతోనే రాశారనీ, గడియారం ప్రకారం సర్టిఫికెట్‌లోని తేదీయే సరైనదనీ వివరించి, అనువాదం జతచేసిన శుభలేఖ ఇచ్చాను. ఆయన చదివి, ఏదో రాసుకుని, తల ఊపి ముందుకు వెళ్లారు. నాలుగైదు నిమిషాల్లో వీసా మంజూరైందన్నారు.

ఒకవేళ డబ్బు కాగితాలు చాలవనుకుంటే 221-జీ కింద చీటీ ఇస్తారు. అది చూసి కుంగిపోకండి, అడిగినవి ఏడాదిలోపు ఇస్తే కేసు మళ్లీ నడుస్తుంది.

ముంబైకి బయలుదేరేముందు ఒక సాయంత్రం మీ వారితో ఫోన్‌లో కూర్చుని ఐ-130, మీ వీసా దరఖాస్తు అయిన డీఎస్-260, మ్యారేజ్ సర్టిఫికెట్, శుభలేఖ పక్కపక్కన పెట్టుకుని తేదీలు సరిచూసుకోండి. మీ ఇంటిపేరు టెన్త్ మెమోలో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే అది కూడా గుర్తు పెట్టుకోండి. మీ ముహూర్తం కూడా అర్ధరాత్రి దాటాకేనా?