తీరం దగ్గర నీటిపై పరుచుకున్న కెల్ప్‌లో (పొడుగ్గా పెరిగే సముద్రపు నాచు) జెయింట్ కెల్ప్ ఏది, బుల్ కెల్ప్ ఏది? ఎలా గుర్తుపట్టాలి?

రంగు చూసి చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. ఎండలో రెండూ గోధుమ రంగే. చూడాల్సింది గాలితిత్తి. జెయింట్ కెల్ప్‌కి ప్రతి ఆకు మొదట్లో చిన్న తిత్తి ఉంటుంది. బుల్ కెల్ప్‌కి కాడ మొత్తానికీ ఒకటే గుండ్రటి పెద్ద తిత్తి. ఆకులన్నీ దాని నెత్తి మీంచి జుట్టులా వేలాడతాయి.

కాలిఫోర్నియాలో మాంటెరీ దగ్గర రెండూ పక్కపక్కనే పెరుగుతాయి. అక్కడ కయాక్‌లో వెళ్తుంటే నాతో ఉన్నాయన "ఇదంతా జెయింట్ కెల్పే" అని తేల్చేశాడు. తెడ్డుతో ఒక తీగ పైకెత్తాను. ముడతలు పడ్డ ఆకులు, అంచుల్లో రంపంలా సన్నటి పళ్ళు, ఒక్కో ఆకుకీ కోలగా ఒక తిత్తి. తీగ కొసన పెద్ద ఆకు చీలికలు చీలికలుగా విడిపోతోంది, కొత్త ఆకులు పుట్టేది అలాగే. చేతికందే దూరంలోనే నున్నటి బంతిలాంటి తిత్తి ఒకటి తేలుతోంది, దాని కింద ఒకే ఒక్క కాడ నిటారుగా లోతులోకి దిగిపోయింది. అది బుల్ కెల్ప్. ఒడ్డు నుంచి చూస్తే మాత్రం మొత్తం ఒకటే మడిలా కనిపిస్తుంది.

ఇసుక మీద కొట్టుకొచ్చిన తీగ ఫోటో పెట్టి "మా తీరంలో ఈ కెల్ప్ అడవి ఉంది" అనేవాళ్ళతో నాకు పెద్ద పేచీ. తుఫానుకి ఊడొచ్చిన తీగ ఎంత దూరం నుంచైనా రావచ్చు. ఉపగ్రహ చిత్రాలదీ ఇంకో గొడవ. లాండ్‌శాట్‌లో ఒక్కో చుక్క 30 మీటర్లు. పోటు మీదుంటేనో, ప్రవాహం గట్టిగా లాగుతుంటేనో తిత్తులు మునిగిపోతాయి. అది చూసి కెల్ప్ పోయిందనేస్తారు.

నిజంగా పోయిన చోటు వేరే ఉంది. 2014లో మొదలై సముద్రపు నీరు మామూలు కంటే బాగా వేడెక్కడం, సీ అర్చిన్లని తినే సముద్ర నక్షత్రాలకి వచ్చిన జబ్బు, కెల్ప్‌ని మేసే ఊదా రంగు సీ అర్చిన్ల (ముళ్ళ బంతుల్లాంటి సముద్ర జీవుల) దాడి కలిసి ఉత్తర కాలిఫోర్నియాలో బుల్ కెల్ప్‌ని 90 శాతానికి పైగా తుడిచిపెట్టాయి. దాని ఆయుష్షు సాధారణంగా ఒక్క ఏడాదే, ఏటా మళ్ళీ మొదటి నుంచి మొలవాలి. జెయింట్ కెల్ప్ ఏళ్ళ తరబడి బతుకుతుంది. అందుకే జాతి పేరు లేకుండా "కెల్ప్ తగ్గింది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

లోతు తక్కువ రాళ్ళ దగ్గర పట్టీలాంటి తీగకి రెండు వైపులా చిన్న ఆకులు, తిత్తులు ఉంటే అది ఈ రెండూ కాదు, ఫెదర్ బోవా కెల్ప్. ఫోటో తీసేవాళ్ళు తిత్తి స్పష్టంగా కనిపించేలా తీసి, తేదీతో పాటు అప్పుడు సముద్రం ఆటు మీదుందో పోటు మీదుందో కూడా రాయండి.