పాత బర్బన్ రుచి చూడబోతున్న మా మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. శనివారం మీ ఫ్రెండ్సంతా కలిసి ఆ 23 ఏళ్ల బర్బన్ (మొక్కజొన్న ఎక్కువగా వేసి తీసే అమెరికా విస్కీ) సీసా తెరుస్తున్నారనీ, బాగుందో లేదో తేల్చే పని నీ నెత్తిన పెట్టారనీ ఫోన్‌లో చెప్పావు. రెండు నిమిషాల్లో చెప్పేసే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

సీసా మీద అంకె చూసి ముందే తల వంచకు. ఆ విస్కీ పీపాలో ఎన్నేళ్లుందో ఆ అంకె చెబుతుంది, అంతే. అన్నేళ్ల తర్వాత లోపల ఇంకా విస్కీ ఉందా, లేక చెక్క ఒక్కటే మిగిలిందా అన్నది నువ్వు తేల్చాలి.

మీ నాన్న స్కాచ్ మనిషి. 25 ఏళ్లనగానే బావగారి మొహం వెలిగిపోతుంది. ఆ లెక్క బర్బన్ దగ్గర పనిచేయదు. బర్బన్ ప్రతిసారీ కొత్త ఓక్ చెక్క పీపాలోనే పోయాలి, అదీ లోపల కాల్చినదై ఉండాలి. ఇది అమెరికా చట్టం. స్కాచ్ చాలావరకు ఊరేది బర్బన్ వాళ్లు ఒకసారి వాడేసిన పీపాల్లో. అప్పటికే చెక్కలోని సారం బాగా దిగిపోయి ఉంటుంది. పైగా స్కాచ్ తయారయ్యే స్కాట్లాండ్ వాతావరణం చల్లన. ఇక్కడ కెంటకీలో జూలై నెలలో గోదాము పై అంతస్తు ఎక్కితే ఊపిరాడదు, జనవరిలో వేళ్లు కొంకర్లు పోతాయి. ఎండకి విస్కీ ఉబ్బి చెక్కలోకి దిగుతుంది, చలికి మళ్లీ బయటికి వస్తుంది. ఇలా ఇరవై మూడు వేసవులు. మన బెంగళూరులో అమృత్ వాళ్లు నాలుగైదేళ్లకే చాలా సీసాలు నింపేస్తారంటే కారణం ఆ వేడే.

ఆవిరి సంగతీ ఉంది. ఏటా నూటికి నాలుగు పాళ్ల దాకా గాలిలో కలిసిపోతుంది. 20 ఏళ్లు దాటిన పీపాలో సగానికి పైగా ఖాళీ. హెవెన్ హిల్ డిస్టిలరీ వాళ్లు 2018లో 27 ఏళ్ల బర్బన్ ఒకటి తెచ్చారు. 41 పీపాలు కలిపితే 3000 సీసాలు కూడా నిండలేదు. మిగిలింది ఎంత చిక్కగా ఉంటుందో ఊహించుకో. కాల్చిన చెక్క నుంచి దిగే వెనిలా, కొబ్బరి, లవంగం, పాకం వాసనలు మొదటి ఏళ్లలోనే బాగా వచ్చేస్తాయి. తర్వాతి ఏళ్లలో జరిగేది ఎక్కువగా చిక్కబడటం. తీపితో పాటు టానిన్ల వగరూ, అంటే చెక్క నుంచి దిగే వగరూ, చిక్కబడుతుంది. పాత బర్బన్‌లో అసలు తగవంతా ఈ రెంటి మధ్యే.

శనివారం మధ్యాహ్నం కారాలు, పచ్చళ్లు వద్దు. కాఫీ, టీ కూడా మానెయ్. వక్కపొడి అసలే వద్దు, దానిదే ఒక వగరు, నోరు గంటల తరబడి పాడవుతుంది. మామూలు పెరుగన్నం తిని కూర్చో. మనిషికి 15 మిల్లీలీటర్లు చాలు. అందరూ ఇళ్లకి క్యాబ్‌లోనే వెళ్లాలి.

పాతదాన్ని ఒంటరిగా రుచి చూడకు. అదే కంపెనీ వాళ్ల చిన్న వయసు సీసా ఒకటి పక్కన పెట్టుకో. ఉదాహరణకి ఎలైజా క్రెయిగ్ బ్రాండ్ 18 ఏళ్లది చూడాలంటే పక్కన వాళ్ల మామూలు స్మాల్ బ్యాచ్ ఉండాలి. అందులో మొక్కజొన్న తీపి, పండు వాసన ఎలా ఉన్నాయో నాలుక గుర్తుపడితే, పాతదాంట్లో అవి మిగిలాయో లేదో తెలుస్తుంది. కుదిరితే పోసే పని తాగని మనిషికి అప్పజెప్పు. ఏ గ్లాసులో ఏముందో మీకు తెలియకూడదు. ధర తెలిసిన నాలుక నిజం చెప్పదు.

గ్లాసు కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. ఇక్కడ అందరూ గ్లెన్‌కెయిర్న్ వాడతారు. పోశాక ఓ పావుగంట వదిలెయ్. అన్నేళ్లు మూసి ఉన్నదానికి గాలి తగలాలి. రంగు చూసి మురిసిపోకు. సీసా మీద ‘స్ట్రెయిట్ బర్బన్’ అని ఉంటే అందులో రంగు కలపకూడదు, ఆ నలుపు నిజంగా పీపాదే. కానీ ఎక్కువ ప్రూఫ్‌తో (ప్రూఫ్ అంటే ఆల్కహాల్ బలం, అందులో సగం శాతం) నింపిన 12 ఏళ్లది ఒక్కోసారి, నీళ్లు కలిపి పలచన చేసిన 20 ఏళ్లదాని కంటే నల్లగా ఉంటుంది.

నోరు కొంచెం తెరిచి వాసన చూడు. పాత ఓక్‌కి రెండు ముఖాలుంటాయి. తోలు, పొగాకు, ఎండు చెర్రీ, మాడీ మాడని చక్కెర, పాత చెక్క బీరువా తలుపు తీసినప్పటి వాసన వస్తే మంచిదే. తడిసిన అట్టముక్క, వార్నిష్, చల్లారిన బొగ్గు వస్తే జాగ్రత్తపడు. పచ్చి రంపపు పొట్టు వాసన వేరు. అది ముసలితనం కాదు, చిన్న పీపాల్లో తొందరగా తీసిన కుర్ర విస్కీల్లో ఎక్కువగా తగులుతుంది. దీన్ని పట్టుకుని ‘ఓక్ ఎక్కువైంది’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక నోట్లోకి. మొదటి గుటక లెక్కలోకి రాదు, నోటిని సిద్ధం చేయడానికే. రెండోది చిన్నగా తీసుకుని నాలుక మీద, తర్వాత బుగ్గల లోపలికి తిప్పు. ఇక్కడ మూడు సంగతులు విడదీసి చూడాలి. ఘాటు అంటే ఆల్కహాల్ మంట, గొంతులో తెలుస్తుంది. చేదు నాలుక మీద తెలుస్తుంది. వగరు చిగుళ్ల మీద, బుగ్గల లోపల తెలుస్తుంది, నోరు ఎండిపోయినట్టు బిగుసుకుంటుంది. కొత్తవాళ్లు మూడూ కలిపి ‘స్ట్రాంగ్‌గా ఉంది’ అనేస్తారు. నువ్వు అలా అనకు. కొంచెం వగరు తప్పేం కాదు, తీపికి నిలబడే బలం దానివల్లే వస్తుంది. వగరూ చేదూ కలిసి చివర్లో పైచేయి అయితేనే చిక్కు. పొయ్యి మీద మర్చిపోయిన టీ డికాక్షన్ తాగినట్టు ఉంటుంది అప్పుడు. ఎంత చక్కెర వేసినా దాగదు.

మింగాక మాట్లాడొద్దు. గడియారం చూసుకుని ఒక నిమిషం ఆగు. తీర్పు ఈ నిమిషంలోనే ఉంది. మంచి పాత బర్బన్‌లో ముందు కొంచెం ఎండినట్టనిపించి, తర్వాత నోట్లో నీళ్లూరతాయి, తీపి వెనక్కి వస్తుంది. చెర్రీయో, మేపుల్ పాకమో, కొద్దిగా పుదీనాయో, ఒక్కోసారి ఆశ్చర్యంగా మొక్కజొన్న. ఓక్ తినేసిన దాంట్లో ఏదీ తిరిగి రాదు. పొడి నోరు, చేదు, అంతే. మొదటి వాసనకి ఎంత పొంగిపోయినా, ఈ నిమిషం చెప్పిందే రాసుకో.

నీళ్ల విషయంలో తొందరపడకు. 120 ప్రూఫ్ దాటిన సీసాకి నాలుగు చుక్కలు మేలు చేస్తాయి. కానీ 20 ఏళ్ల పైబడినవి చాలా వరకు 90 ప్రూఫ్ చుట్టుపక్కలే ఉంటాయి. వాటికి నీళ్లు తగిలితే తీపి ముందు పలచబడి వగరు బయటపడుతుంది. వేరే గ్లాసులో కొంచెం పోసి, ఒక్క చుక్కతో పరీక్షించు. ఐస్ మాత్రం వద్దు, చల్లదనం వగరుని ఇంకా పైకి లేపుతుంది.

నా ఇష్టం అడిగావు. పాపీ వాన్ వింకిల్ బ్రాండ్‌లో 107 ప్రూఫ్‌తో వచ్చే 15 ఏళ్లదే నాకు అన్నిటికంటే ఇష్టం. 23 ఏళ్లది గౌరవంగా తాగుతాను, మళ్లీ కావాలనిపించదు. ఓక్ ఏటేటా ఎలా పెరుగుతుందో చూడాలంటే డియాజియో కంపెనీ వాళ్ల రెటరిక్ బర్బన్ల వరస మంచి పాఠం. 2014లో 20 ఏళ్లదానితో మొదలుపెట్టి ఏడాదికో ఏడు పెంచుకుంటూ 25 దాకా తెచ్చారు. ఇక ఎ.హెచ్. హిర్ష్ 16 అంటే నాకు ప్రాణం. పెన్సిల్వేనియాలో 1974లో తీసిన విస్కీ అది. సమయం వచ్చిందనగానే పీపాల్లోంచి తీసి స్టీల్ ట్యాంకుల్లో పోసేశారు, ఇంకొక్క రోజు కూడా ఓక్ అంటకుండా. ఎప్పుడు ఆపాలో తెలిసిన చేతులవి. సీసాలో పోశాక వయసు పెరగదు, కాబట్టి అటక మీద నలభై ఏళ్లున్న సీసా అని ఎవరైనా ఎక్కువ చెబితే ఆ మాటకి డబ్బు కట్టకు.

కాగితం మీద ఎవరికి వాళ్లు రాసుకున్నాకే నోరు విప్పండి, లేకపోతే ముందు మాట్లాడినవాడి అభిప్రాయమే అందరిదీ అవుతుంది. ఆఖర్న ‘ఇంకో గ్లాసు తాగబుద్ధేస్తుందా’ అన్న ప్రశ్నకి జవాబు రాయండి. అర ఔన్సుకి, అంటే ఆ 15 మిల్లీలీటర్లకి, అద్భుతంగా ఉండి, రెండు ఔన్సులకి భారమయ్యే బర్బన్‌లు చాలా ఉన్నాయి. అలా ఉంటే అలాగే రాయండి, అది నిజాయితీ గల తీర్పే. గ్లాసులు ఆ రాత్రి కడగకు. పొద్దున్నే ఖాళీ గ్లాసు వాసన చూడు: చక్కెర, వెనిలా ఉంటే నువ్వు అనుకున్నది సరే, బూడిద వాసన ఒక్కటే ఉంటే ముందు రాత్రి మార్కులు కొంచెం తగ్గించుకో.

సీసాలో మూడోవంతు మిగుల్చు. నెల తర్వాత, గాలి తగిలాక, మళ్లీ పోసుకుని రెండో కాగితం రాయి. కొన్నిట్లో ఓక్ మెత్తబడుతుంది, కొన్నిట్లో పండు పోయి చెక్కే మిగులుతుంది. రెండు కాగితాలూ దిద్దకుండా నాకు పంపు.

అమ్మాయినీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

మీ మావయ్య
లూయివిల్, కెంటకీ