ఫోన్ చేసి అడగనక్కర్లేని మోడల్

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మేం నలుగురం కలిసి సిమ్యులింక్‌లో (బ్లాకులను గీతలతో కలిపి మోడళ్లు తయారుచేసే మ్యాట్‌ల్యాబ్ అనుబంధ సాఫ్ట్‌వేర్) ఎలక్ట్రిక్ స్కూటర్ మోడల్ తయారుచేశాం. ఇటీవల ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో, ‘ఇందులోని బ్యాటరీ భాగాన్ని మాత్రమే మాకు ఇస్తే మా బృందం వాడుకోగలదా?’ అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. అలాంటి మోడళ్లు చేయడం ఎలా నేర్చుకోవాలి? ఈ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా? కోచింగ్ అవసరమా?

జవాబు: మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఆ ప్రశ్న ఈ ఉద్యోగంలోని అసలు పనికి సంబంధించినదే. కళాశాలలో తయారైన మోడల్ ఆయుష్షు వైవాతో తీరిపోతుంది. దాన్ని తెరిచేదీ, నడిపేదీ, తప్పు వస్తే సరిదిద్దేదీ మీ నలుగురే. వాహన పరిశ్రమలో అలా కుదరదు. ఒక బృందం తయారుచేసిన బ్యాటరీ మోడల్‌ను కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసేవారు తమ లెక్కలు సరిచూసుకోవడానికి తీసుకుంటారు. తరువాత పరీక్షల విభాగం అదే మోడల్‌ను నిజమైన కంట్రోలర్‌కు జతచేసి నడిపిస్తుంది. దీన్నే వారు హిల్ (హార్డ్‌వేర్ ఇన్ ద లూప్) టెస్టింగ్ అంటారు. కొన్నేళ్లకు మరో వాహనం పని మొదలైనప్పుడు ఇంకెవరో దాన్ని బయటికి తీస్తారు, అప్పటికి తయారుచేసిన వ్యక్తి ఆ సంస్థలో ఉండకపోవచ్చు. కాబట్టి మీకు ఫోన్ చేసి అడగకుండానే మరొకరు వాడుకోగలరా అన్నదే వారికి కావలసిన సమాధానం.

మీ మోడల్‌ను నేను చూడలేదు గాని, విద్యార్థుల ప్రాజెక్టుల్లో బ్యాటరీని విడదీయబోతే తీగ లాగితే డొంకంతా కదిలినట్లు మోటారు, కంట్రోలర్ కూడా వెంట వస్తుంటాయి. గీతలు ఎక్కువై చిందరవందరగా కనిపిస్తాయని గోటూ, ఫ్రమ్ బ్లాకులతో, అంటే గీత గీయకుండానే కలిపే బ్లాకులతో, సిగ్నళ్లను ఎక్కడి నుంచి ఎక్కడికో పంపడం ఇందుకు ఒక కారణం. బ్యాటరీని ఒక పెట్టెగా భావించి దాని సరిహద్దును ముందు నిర్ణయించుకోండి. లోపలికి వచ్చేది కరెంటు, పరిసర ఉష్ణోగ్రత. బయటికి వెళ్లేది వోల్టేజీ, మిగిలిన ఛార్జి శాతం. ఇంతకు మించి లోపలి విషయాలేవీ బయటి బ్లాకులకు తెలియకూడదు. ప్రతి సిగ్నల్‌కూ యూనిట్ రాయండి, కరెంటు గుర్తు కూడా రాయండి. డిశ్చార్జిని కొందరు ధనాత్మకంగా తీసుకుంటారు, కొందరు రుణాత్మకంగా తీసుకుంటారు. ఈ ఒక్కటి తారుమారైతే ఘాట్ రోడ్డు ఎక్కుతున్నకొద్దీ బ్యాటరీ నిండుతూ పోయే విచిత్రమైన స్కూటర్ మీకు తయారవుతుంది.

యూనిట్లు రాయడం గుమాస్తా పనిలా అనిపిస్తే 1999 సెప్టెంబరులో నాసా కోల్పోయిన అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను గుర్తుచేసుకోండి. థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజిన్ల) ప్రచోదనాన్ని (ఇంపల్స్) ఒక బృందపు సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో లెక్కగట్టి ఇచ్చింది, దాన్ని అందుకున్న బృందం న్యూటన్ సెకన్లుగా తీసుకుంది. ఈ రెండింటి మధ్య తేడా సుమారు నాలుగున్నర రెట్లు. ఎవరి లెక్క వారి గదిలో సరిగ్గానే ఉంది, ఒక గది నుంచి మరో గదికి వెళ్లే చోటే నౌక పోయింది.

దానికి మూడేళ్ల ముందు, 1996 జూన్ 4న, ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే సుమారు 40 సెకన్లకు పేలిపోయింది. ఏరియాన్ 4లో చక్కగా పనిచేసిన సాఫ్ట్‌వేర్ భాగాన్ని ఇందులో యథాతథంగా వాడారు. కొత్త రాకెట్ అడ్డదిశ వేగం పాతదానికంటే చాలా ఎక్కువ కావడంతో, దానికి సంబంధించిన ఒక విలువ 16 బిట్ల పూర్ణాంకంలో, అంటే గరిష్ఠంగా 32,767లో, ఇమడలేదు. ఇది సిమ్యులేషన్ మోడల్ కాదు, ఎగిరే సాఫ్ట్‌వేర్. అయినా దీన్ని చెబుతున్నది ఎందుకంటే, మళ్లీ వాడుకోవడం అన్నది ఫైలును కాపీ చేసుకోవడంతో అయిపోదు. ఆ భాగం ఏ హద్దుల మధ్య సరైనదో కూడా దానితో పాటే ప్రయాణించాలి. మీ బ్యాటరీ అంతర్గత నిరోధాన్ని 25 డిగ్రీల దగ్గర కొలిచిన విలువలతో నింపి ఉంటే, ఆ మాట మోడల్ మీదే కనిపించాలి. రెంటచింతల మే నెల ఎండలో స్కూటర్ ఎలా ఉంటుందో చూడాలనుకునే వ్యక్తికి అది తెలియకపోతే, అంకెలు వస్తాయి గాని వాటిని నమ్మడానికి ఆధారం ఉండదు. ఉష్ణోగ్రత హద్దు దాటితే హెచ్చరిక ఇచ్చేలా చేయగలిగితే ఇంకా మంచిది.

తరువాతి పని మోడల్‌నూ అంకెలనూ వేరుచేయడం. బ్యాటరీ సామర్థ్యం, బండి బరువు, చక్రం వ్యాసార్థం వంటివి బ్లాకుల లోపల కాకుండా ఒకే ఫైలులో, యూనిట్‌తో, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పే వాక్యంతో ఉండాలి. ఒకరి ల్యాప్‌టాప్‌లో నడిచిన మోడల్ మరొకరి దగ్గర మొరాయించడానికి తరచుగా కారణం మ్యాట్‌ల్యాబ్ వర్క్‌స్పేస్‌లో మిగిలిపోయిన పాత విలువలే. మ్యాట్‌ల్యాబ్‌ను మూసి, మళ్లీ తెరిచి, మీరు ఇవ్వబోయే ఫోల్డర్‌లోని ఫైళ్లతోనే నడిపి చూడండి. ఏ వెర్షన్‌లో చేశారో, ఏ సాల్వర్ (సమీకరణాలను సాధించే పద్ధతి) వాడారో కూడా రాసిపెట్టండి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదానిలో మామూలుగా తెరుచుకోదు.

చేత్తో లెక్కవేయగలిగిన ఒక పరీక్షను కూడా మోడల్‌తో పాటే ఇవ్వాలి. 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ నుంచి 20 ఆంపియర్లు ఒక గంట తీస్తే ఛార్జి 90 శాతం నుంచి 40 శాతానికి దిగాలి. మీ మోడల్‌ను తీసుకున్న వ్యక్తి ముందుగా దీన్ని నడిపి, అదే జవాబు వస్తే నమ్మకంతో ముందుకు సాగుతాడు. పెద్ద ప్రాజెక్టు చేశామని చెప్పుకునే అభ్యర్థుల్లోనూ ఇలాంటి పరీక్ష చూపించేవారు తక్కువ. మీరు చూపిస్తే అది గుర్తుంటుంది.

రెండు బృందాలు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు వాడుతున్నప్పుడు పనికొచ్చే ప్రమాణం ఎఫ్‌ఎమ్‌ఐ (ఫంక్షనల్ మాకప్ ఇంటర్‌ఫేస్). యూరప్‌లో డైమ్లర్ చొరవతో సాగిన మోడలిసార్ ప్రాజెక్టులో 2010లో దీని మొదటి రూపం వచ్చింది, రెండోది 2014లో, మూడోది 2022లో వెలువడ్డాయి. ఇప్పుడు దీన్ని, మోడలికా అనే మోడలింగ్ భాషను కూడా చూసుకునే మోడలికా అసోసియేషన్ నిర్వహిస్తోంది. ఈ పద్ధతిలో మోడల్‌ను ఎఫ్‌ఎమ్‌యూ అనే ఒకే ఫైలుగా ఎగుమతి చేస్తారు. అది నిజానికి ఒక జిప్ ఫైలు. అందులో ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు, యూనిట్లను వివరించే ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు, దానితో పాటు కంపైల్ చేసిన ప్రోగ్రామో సీ భాషలోని కోడో ఉంటాయి. సోర్స్ ఇవ్వకుండా కంపైల్ చేసిన రూపం మాత్రమే ఇస్తే లోపలి సమీకరణాలు నేరుగా కనబడవు కాబట్టి, బ్యాటరీ తయారీదారు తన రహస్యాన్ని దాచుకుంటూనే కార్ల కంపెనీకి మోడల్ ఇవ్వగలుగుతాడు. ఒక జాగ్రత్త ఉంది. విండోస్ కోసం మాత్రమే కంపైల్ చేసిన ఎఫ్‌ఎమ్‌యూ లినక్స్ సర్వర్ మీద నడవదు.

దీన్ని నేర్చుకోవడానికి ఖర్చు అక్కరలేదు. మోడలికా భాషలో మోడళ్లు చేయడానికి వాడే ఓపెన్‌మోడలికా సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని నుంచి ఎఫ్‌ఎమ్‌యూ ఎగుమతి చేయవచ్చు, దాన్ని ఎఫ్‌ఎమ్‌పై అనే ఉచిత పైథాన్ లైబ్రరీతో నడపవచ్చు. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు ఓపెన్‌మోడలికాను మన దేశంలో ప్రచారం చేస్తోంది. సిమ్యులింక్ ప్రాథమికాంశాలకు మ్యాథ్‌వర్క్స్ వారి ఉచిత ఆన్‌ర్యాంప్ కోర్సు సరిపోతుంది. మోడలికా ఫైళ్లు అక్షర రూపంలో ఉంటాయి కాబట్టి ఎవరు ఏ పంక్తి మార్చారో గిట్‌లో (ఫైళ్ల మార్పులను నమోదుచేసే సాధనం) సూటిగా కనిపిస్తుంది. సిమ్యులింక్ ఫైళ్లకు ఆ సౌకర్యం లేదు, వాటిని పోల్చడానికి దాని సొంత సాధనం వంటిది వాడాలి. అమీర్‌పేట బోర్డుల మీద కనిపించే కోర్సులకు డబ్బు కట్టడం గురించి ఈ పనులన్నీ చేసి చూశాక, ఇంకా ఏదైనా లోటు అనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

ఉద్యోగాలు ఉన్నాయి. ప్రకటనల్లో మోడల్ బేస్డ్ డెవలప్‌మెంట్, ప్లాంట్ మోడలింగ్ (కంట్రోలర్ నడిపించే బ్యాటరీ, మోటారు వంటి వాటి మోడళ్లు), హిల్ టెస్ట్ ఇంజినీర్ అనే పేర్లతో వెతకండి. బెంగళూరు, పుణె, చెన్నైలతో పాటు హైదరాబాద్‌లోనూ జడ్‌ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ వంటి వాహన విడిభాగాల సంస్థల సాంకేతిక కేంద్రాలు ఉన్నాయి. కొత్తగా చేరినవారికి మొదటి రోజుల్లో సొంత మోడల్ తయారుచేసే పని సాధారణంగా దొరకదు, ఇతరులు చేసినవాటిని తెరిచి అర్థం చేసుకుని పరీక్షించే పనే దొరుకుతుంది. అందువల్ల మోడలికా స్టాండర్డ్ లైబ్రరీలోని భాగాలను రోజుకు ఒకటి చొప్పున తెరిచి చదవడం, నా అభిప్రాయంలో, మరో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడం కంటే మేలు.

ఈ సెమిస్టర్‌లో స్కూటర్ మొత్తాన్ని వదిలేసి బ్యాటరీ ఒక్కదాన్నే పైన చెప్పినట్లు తిరిగి తయారుచేయండి. పూర్తయ్యాక ఆ ఫోల్డర్‌ను ఒక జూనియర్‌కు ఇచ్చి, గంటసేపు మీరు పక్కన కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడకండి. అతడు ఎక్కడ ఆగిపోయాడో, ఏ పేరు చూసి తికమకపడ్డాడో రాసుకుని, ఆ చోట్లనే సరిచేయండి. ఇలా ఇద్దరు ముగ్గురితో చేశాక దాన్ని గిట్‌హబ్‌లో పెట్టి, రెజ్యూమెలో ఆ చిరునామా ఇవ్వవచ్చు. పెట్టే ముందు మిగతా ముగ్గురి అనుమతి తీసుకోండి, ఏ లైసెన్సు కింద ఇస్తున్నారో రాయండి. మీరు వాడిన సెల్ కొలతలు ఏదైనా సంస్థ కళాశాలకు నమ్మకంతో ఇచ్చినవైతే వాటిని తీసేసి, అందరికీ అందుబాటులో ఉన్న డేటాషీట్ విలువలు పెట్టండి.