పొగరాయుళ్ల లెక్క: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఒకే జనాభా మీద జరిగిన రెండు సర్వేల్లో పొగతాగే పెద్దలు 15 శాతమని ఒకటి, 21 శాతమని ఇంకొకటి చెబుతున్నాయి. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే కావచ్చు. వెయ్యి మందిలో 150 మంది రోజూ తాగుతారు, మరో 60 మంది అప్పుడప్పుడు ముట్టిస్తారు అనుకోండి. రోజూ తాగేవాళ్లనే లెక్కేస్తే 15, అందరినీ కలిపితే 21. కాబట్టి శాతం కంటే ముందు, అడిగిన ప్రశ్న చూడాలి. అమెరికా సర్వేలు మరో మెలిక పెడతాయి: జీవితంలో కనీసం 100 సిగరెట్లు తాగి, ఇప్పటికీ తాగుతున్నవారే లెక్కలోకి వస్తారు. ఈమధ్యే మొదలుపెట్టిన కుర్రాడు అందులో కనబడడు.

తర్వాత వయసు. కొన్ని సర్వేలకు 15 ఏళ్లు దాటితే పెద్దలే, కొన్నింటికి 18 దాటాలి. టీనేజీవాళ్లలో అలవాటు సాధారణంగా తక్కువ కనక, వాళ్లు చేరితే శాతం కాస్త దిగుతుంది. ఆడా మగా కలిపిన సగటుతోనూ జాగ్రత్త. మగవారిలో 40, ఆడవారిలో 4 ఉండి, ఇద్దరి సంఖ్యా సమానమైతే సగటు 22. అది ఎవరి సంగతీ చెప్పదు! నమిలే పొగాకును, ఈ-సిగరెట్లను ఇందులో కలిపేశారేమో కూడా చూసుకోండి.

ప్రశ్న: తాగుతూనే తాగనని చెప్పేవాళ్ల మాటేమిటి?

జవాబు: లాలాజలంలోనో రక్తంలోనో కోటినిన్ చూస్తారు. నికోటిన్ శరీరంలో విరిగితే వచ్చేది ఇదే. సుమారు 16 గంటలకు సగమవుతుంది కనక, రెండు మూడు రోజుల కిందటి పొగ కూడా బయటపడవచ్చు. వారానికొకసారి తాగేవాడు మాత్రం తప్పించుకోగలడు. పైగా నికోటిన్ గమ్ నమిలినా, ప్యాచ్ వేసుకున్నా కోటినిన్ కనిపిస్తుంది. మానేసినవాడిని అబద్ధాలకోరని తేల్చే ముందు అది అడగాలి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిస్తే ఈ చిక్కు లేదు. కానీ అది కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది, అందుకే, రాత్రంతా తాగకుండా ఉన్నాక పొద్దున్నే చేసే పరీక్షకు విలువ తక్కువ.

ప్రశ్న: 'ప్యాక్-ఇయర్' ఎలా కడతారు?

జవాబు: ఇప్పటిదాకా మొత్తం ఎంత తాగారో చెప్పే లెక్క ఇది. రోజుకు తాగే సిగరెట్లను 20తో (ఒక ప్యాకెట్ లెక్క) భాగించి, తాగిన ఏళ్లతో హెచ్చించాలి. రోజుకు 10 చొప్పున 30 ఏళ్లయితే 15. మధ్యలో మానేసిన ఏళ్లు తీసేయాలి. రోజుకు 40 చొప్పున ఏడున్నరేళ్లు తాగినా అదే 15 వస్తుంది. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో, తాగిన సంఖ్య కంటే తాగిన కాలానిదే బరువెక్కువ.