సికింద్రాబాద్‌లో కొన్న పాత బైబిల్లో ఓ ఇంగ్లీషు మిల్లు కుటుంబం పేర్లున్నాయి. వాళ్ల వారసులను కనుక్కోగలమా?

పాత సామాన్ల కొట్లో కొన్న బైబిలు, ముందు పేజీల్లో 1870ల నుంచి ఒక ఇంట్లో పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, ఊరు ఓల్డ్‌హామ్. జమీందార్లు కాదు, మిల్లు పనివాళ్లు కాబట్టి వాళ్ల గురించి రికార్డులేం ఉంటాయిలే అన్నది మీ అనుమానం. ఉంటాయి. వారసులను కనుక్కోవచ్చు కూడా. నేను ఒకసారి చేశాను. పద్నాలుగు నెలలు పట్టింది, అందులో నాలుగు నెలలు తప్పు దారిలోనే పోయాయి.

మాది చీరాల. అమ్మమ్మగారింట్లో గుంట మగ్గం ఉండేది. ఉద్యోగం కోసం లాంకషైర్‌లోని బర్న్‌లీలో ఆరేళ్లు ఉన్నాను. అది కూడా ఒకప్పుడు పేరుమోసిన నేత ఊరే, కాకపోతే అక్కడివన్నీ ఆవిరితో నడిచిన మరమగ్గాలు. పక్కింట్లో ఎనభై దాటిన ఒక ముసలావిడ ఉండేది. వృద్ధాశ్రమానికి వెళ్లిపోతూ నా చేతిలో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టింది. యాభై ఏళ్ల కిందట ఆ ఇల్లు కొన్నప్పుడు అటక మీద దొరికిందట. ఎవరిదో తెలియదు, పారేయడానికి మనసొప్పలేదు అంది. నాకూ ఒప్పలేదు, అదే వచ్చిన చిక్కు.

డబ్బాలో రెండే వస్తువులు. ఒకటి 1898లో సండే స్కూల్లో ఒక అమ్మాయికి బహుమతిగా ఇచ్చిన పుస్తకం, అట్ట లోపల అమ్మాయి పేరు. రెండోది జానెడులో సగం ఉండే గుండ్రటి కంచు పలక, మీద సింహంతో నిలబడ్డ బ్రిటానియా బొమ్మ. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ప్రతి సైనికుడి ఇంటికీ ప్రభుత్వం పంపినది ఇది. జనం దీన్ని డెడ్ మ్యాన్స్ పెన్నీ అనేవారు, అంటే చచ్చినోడి పైసా. దాని మీద మనిషి పూర్తి పేరు మాత్రమే ఉంటుంది. చావులో అందరూ సమానమే అని హోదా వేయలేదు, రెజిమెంటూ వేయలేదు. నాకు దొరికిన పలక మీద రెండు ముందు పేర్లు, ఒక ఇంటిపేరు. పుస్తకంలోని అమ్మాయిదీ అదే ఇంటిపేరు. వాళ్లెవరో ఇక్కడ రాయను, ఇప్పుడు వాళ్ల మనుషులు బతికే ఉన్నారు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఇంగ్లండ్, వేల్స్‌లో 1837 జులై 1 నుంచి జననాలు, పెళ్లిళ్లు, మరణాలు ప్రభుత్వం నమోదు చేస్తోంది. 1983 దాకా మూడు నెలలకో ఇండెక్స్ ఉంటుంది. వాటిని 1998 నుంచి వాలంటీర్లు టైపు చేసి ఫ్రీబీఎండీ అనే సైట్‌లో ఉచితంగా పెడుతున్నారు. ఇండెక్స్‌లో ఒక్కో ప్రాంతానికి ఒక వాల్యూమ్ నంబరు ఉంటుంది, బర్న్‌లీది 8ఇ. ఆ పేరుతో 1890లో ఒక పిల్లాడు దొరికాడు, యుద్ధానికి వయసు సరిపోయింది. సంబరపడి సర్టిఫికెట్ తెప్పించుకున్నాను. అమ్మానాన్నల పేర్లు పట్టుకుని నాలుగు నెలలు ఆ పిల్లాడి వెంటపడ్డాను, 1891 జనాభా లెక్కల్లో మాత్రం వాడు ఎక్కడా లేడు. చివరికి మరణాల ఇండెక్స్ తీస్తే, మూడో నెలలోనే పోయాడు. 1892లో అదే తల్లికి మళ్లీ మగపిల్లాడు పుడితే, మళ్లీ అదే పేరు, రెండు ముందు పేర్లూ కలిపి పెట్టారు. సైనికుడు ఈ రెండోవాడు.

మన దగ్గర ఒక బిడ్డ పోతే తర్వాతి బిడ్డకు పుల్లయ్య అనో పెంటయ్య అనో పెట్టి మృత్యువు కన్నుగప్పాలని చూస్తాం. వాళ్లేమో పోయిన బిడ్డ పేరునే మళ్లీ పిలుచుకున్నారు. ఆ కాలపు ఇంగ్లండ్ పేదిళ్లలో ఇది మామూలే. కాబట్టి మీ బైబిల్లో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే రాతలో పొరపాటు అనుకోకండి. పుట్టుక దొరికిన వెంటనే తర్వాతి ఐదేళ్ల మరణాలు కూడా చూడండి.

పేజీలు మరొకసారి పరిశీలనగా చూడండి. వరసలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే ఎవరో తర్వాత ఒక్కరోజే కూర్చుని జ్ఞాపకం మీద రాసినట్టు. అప్పుడు తేదీలు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అవుతాయి. బైబిలు అచ్చయిన సంవత్సరం కంటే ముందటి తేదీలు ఉన్నా అంతే.

ఇక జనాభా లెక్కలు. 1841 నుంచి పదేళ్లకోసారి ఇంటింటి పేర్లతో ఉన్నాయి. 1851 నుంచి ఇంటి పెద్దకు ఎవరు ఏమవుతారో, ఎక్కడ పుట్టారో కూడా రాశారు. పనివాళ్ల గురించి ఇంతకంటే మంచి రికార్డు లేదు. 1901లో మా పుస్తకం అమ్మాయికి పన్నెండేళ్లు, పని దగ్గర హాఫ్ టైమర్ అని ఉంది. సగం రోజు బడి, సగం రోజు మిల్లు. బడిలో బహుమతి అందుకున్న మూడేళ్లకే మగ్గాల మధ్య నిలబడిందన్నమాట. అది చదివి ఆ పూటకి లాప్‌టాప్ మూసేశాను.

1911 లెక్క చాలా ప్రత్యేకం. ఆ ఏడాది ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితమే మనకు దొరుకుతుంది, కాబట్టి ఆ మనిషి చేతిరాత చూస్తాం. పెళ్లయిన ఆడవాళ్ల వరసలో ఎన్నేళ్ల కాపురం, ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అని అడిగారు. మా కుటుంబంలో తల్లి అప్పటికే చనిపోయింది. భార్య పోయినవాడు ఆ గడులు నింపక్కర్లేదు. కానీ ఆ తండ్రి తన పేరు పక్కన నింపాడు: తొమ్మిది, ఐదు, నాలుగు. లెక్కలాయన వచ్చి వాటి మీద ఎర్ర గీత కొట్టేశాడు. గీత కింద అంకెలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

చుట్టరికాల మాటల దగ్గర జాగ్రత్త. బ్రదర్ ఇన్ లా అని ఉంటే బావా, బావమరిదా, తోడల్లుడా అన్నది మనమే తేల్చుకోవాలి. ఇంగ్లీషువాళ్లు ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. పైగా 19వ శతాబ్దంలో సన్ ఇన్ లా అంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి మొగుడి కొడుకు కూడా కావచ్చు. మా విషయంలో 1881లో ఆ ఇంట్లో ఉన్న బ్రదర్ ఇన్ లా బావమరిదే అని తేలాక, ఆయన ఇంటిపేరు తల్లి పుట్టింటి పేరుతో సరిపోయింది. స్పెల్లింగు కూడా నమ్మొద్దు. లాంకషైర్‌లో హేవర్త్, హోవర్త్ అని ఒకే మనిషిని రెండు చోట్ల రెండు రకాలుగా రాశారు. చదువురానివాళ్లు పెళ్లి రిజిస్టర్‌లో ఇంటూ గుర్తు పెట్టేవారు, గుమాస్తాకు ఏది వినిపిస్తే అదే ఇంటిపేరు.

ఇక్కడివరకు అందరూ వస్తారు. వెనక్కి, అంటే తాతముత్తాతల వైపు వెళ్లడానికి ఇది చాలు. మీరు అడిగింది కిందికి, వారసుల వైపు. ఈ దారిలో చాలామంది ఇంటిపేరు పట్టుకుని మగపిల్లల వెంట పోయి గోడకు గుద్దుకుంటారు. మా కుటుంబంలో బతికిన ఐదుగురిలో ముగ్గురు మగవాళ్లు. ఒకడు యుద్ధంలో పోయాడు, మిగతా ఇద్దరికీ పిల్లలు లేరు. ఇంటిపేరు అక్కడితో ఆగిపోయింది. వంశం ఆగలేదు, ఆడపిల్లలతో వేరే ఇంటిపేర్లలోకి వెళ్లిపోయింది. నా అనుభవంలో అసలు పని అంతా ఆ ఆడపిల్లల పెళ్లిళ్లు పట్టుకోవడమే.

సైనికుడి కాగితాలే ఆ దారి చూపించాయి. అతను ఆక్రింగ్టన్ పాల్స్ అని పిలిచే ఈస్ట్ లాంకషైర్ రెజిమెంట్ 11వ బెటాలియన్‌లో చేరాడు. 1916 జులై 1న సొమ్ యుద్ధం మొదటి రోజున సెర్ అనే ఊరి మీదికి పంపిన దాదాపు 720 మందిలో 584 మంది చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగింది. మావాడి శవం దొరకలేదు, పేరు తీప్వాల్ స్మారకం మీద ఉంది. అతని సర్వీసు రికార్డు కూడా లేదు. మొదటి యుద్ధపు సైనికుల ఫైళ్లలో సగానికి పైగా 1940 సెప్టెంబరులో లండన్ మీద బాంబులు పడినప్పుడు కాలిపోయాయి. కానీ సోల్జర్స్ ఎఫెక్ట్స్ అని ఇంకో రిజిస్టర్ ఉంది. చనిపోయిన సైనికుడికి రావలసిన జీతం బాకీ ఎవరికి ఇచ్చారో అందులో రాస్తారు. పది పౌండ్లు కూడా లేని ఆ డబ్బును అతని అక్కకు ఇచ్చారు. ఆమె ముందు పేరు పుస్తకంలోదే, ఇంటిపేరు మాత్రం కొత్తది. ఆ ఒక్క వరసలో పలకా, పుస్తకమూ కలిశాయి.

పెళ్లి ఎప్పుడో వెతకడం తేలికే అయింది. 1912 నుంచి పెళ్లిళ్ల ఇండెక్స్‌లో ఎదుటివారి ఇంటిపేరు కూడా వేస్తారు; 1913లో దొరికింది. అంతకుముందు పెళ్లిళ్లకైతే ఇద్దరి పేర్లకూ ఒకే వాల్యూమ్, ఒకే పేజీ ఉందా అని చూడాలి. లాంకషైర్ బీఎండీ అనే ఇంకో ఉచిత సైట్‌లో పెళ్లి ఏ చర్చిలో జరిగిందో కూడా ఉంటుంది. ఇక 1911 జులై నుంచి జననాల ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి పేరు వేశారు. కొత్త ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు రెండూ కలిపి కొడితే పిల్లలు వరసగా వచ్చేశారు. మొదట 1914లో ఒక కూతురు. తర్వాత 1916 ఆఖరి త్రైమాసికంలో, అంటే తమ్ముడు పోయిన కొన్ని నెలలకు, ఒక కొడుకు. వాడికి పలక మీదున్న రెండు ముందు పేర్లూ అదే వరసలో పెట్టారు. నేను సరైన ఇంట్లోనే ఉన్నానని అప్పుడు నమ్మకం కుదిరింది.

1921 లెక్కలు 2022 జనవరిలో బయటపెట్టారు. అందులో ఎవరి దగ్గర పని చేస్తున్నారో కూడా ఉంది, కాబట్టి మిల్లు పేరు తెలుస్తుంది. 1931వి 1942 డిసెంబరులో అగ్నిప్రమాదంలో పోయాయి. 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు. ఈ ఖాళీని నింపేది 1939 రిజిస్టర్. యుద్ధం మొదలైన నెలలోనే, సెప్టెంబరు 29న, రేషన్ కార్డుల కోసం, గుర్తింపు కార్డుల కోసం రాసింది. తర్వాత ప్రభుత్వ ఆరోగ్య సేవలవాళ్లు దాన్నే దశాబ్దాలపాటు వాడుకుంటూ, పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడవాళ్ల పాత పేరు కొట్టేసి పైన కొత్తది రాస్తూ వచ్చారు. నా పేజీలో 1914 నాటి కూతురి పేరు మీద అలా వేరే సిరాతో మరో ఇంటిపేరు ఉంది. ఆడపిల్ల ఎటు పోయిందో ప్రభుత్వమే రాసిపెట్టిన ఇలాంటి రికార్డు మనకు ఉంటే ఎంత బాగుండునో.

అక్కడి నుంచి కూతురి పిల్లలు, ఆమె చనిపోయిన సంవత్సరం, 1858 నుంచి ఉన్న వీలునామాల జాబితా. వీలునామాలో ఆమె కూతురి పేరు, చిరునామా దొరికాయి. మధ్యలో పెయిడ్ సైట్లలో జనం పెట్టిన వంశవృక్షాలు మూడు చూశాను. మూడింటిలోనూ, 1890లో పుట్టి మూడో నెలలో పోయిన పసివాడినే సైనికుడిగా చూపించారు, ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టి.

బతికున్నవాళ్ల దాకా వచ్చాక ఫోన్ చేయకండి, ఫేస్‌బుక్‌లో అడగకండి. కాగితం మీద ఉత్తరం రాయండి. మీరెవరు, వస్తువు ఏమిటి, డబ్బు ఏమీ అడగడం లేదు, ఇష్టం లేకపోతే జవాబు ఇవ్వక్కర్లేదు అని రాస్తే చాలు. తెలియని మనిషి నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఈ రోజుల్లో మోసం అనుకోవడంలో తప్పు లేదు.

మీ బైబిలు సికింద్రాబాద్ ఎలా వచ్చిందో అన్నది వేరే దారి. ఆ ఇంటి మనిషి ఎవరైనా కంటోన్మెంట్‌లో సైనికుడో, రైల్వే ఉద్యోగో అయ్యుండొచ్చు. అలాంటివాళ్ల బాప్టిజాలు, పెళ్లిళ్లు, సమాధులు మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రికార్డుల్లో ఉంటాయి. అవి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల కింద ఉన్నాయి. ఫిబిస్ అనే సంఘం సైట్‌లో పేరు కొట్టి ఉచితంగా చూడొచ్చు.

నా ఉత్తరానికి ఏడు వారాలకు జవాబు వచ్చింది. డెబ్బై దాటిన ఆవిడ, ఆ పుస్తకం అమ్మాయికి మనవరాలు. పలక మీది పేరు చదివి ముందు తన మేనమామ గురించి రాశానేమో అనుకుందట, ఆయన ముసలితనంలో ఇంట్లోనే పోయాడు కదా, యుద్ధం పలక ఎలా వస్తుందని అడిగింది. ఆ పేరు ఆయనకంటే ముందు ఇద్దరికి ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రిజిస్టర్ పేజీల ప్రింట్లతో పాటు డబ్బా తీసుకెళ్లి ఇచ్చాను. పలకను కాసేపు ఒళ్లో పెట్టుకుని, మూడు నెలలు బతికిన ఆ మొదటి పిల్లాణ్ని ఎక్కడ పూడ్చారో తెలుసా అని అడిగింది. అది ఇంకా వెతుకుతున్నాను.

మీరు ముందు బైబిల్లో ఆడపిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయో చూసి, పుట్టిన సంవత్సరాలతో కింద రాయండి. ఓల్డ్‌హామ్ పెళ్లిళ్ల ఇండెక్స్ నేను తిరగేస్తాను.